సుగ్గికి పోయే ఇళ్లు, చిన్న పిల్లలు: ఏ సాయం ఎక్కడుంది, ఎక్కడ ఆగుతోంది

ఎల్లెల్సీ_గట్టు (ఎమ్మిగనూరు) · 2 నవంబర్ 2025, ఉదయం

అందరికీ నమస్కారం. ఆదోని, మంత్రాలయం, పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో సుగ్గికి, అంటే కోతల కూలికి వలస, పోయే కాలం వచ్చింది. పత్తి తీతకు కొందరు ఇప్పటికే గుంటూరు వైపు దిగినారు. సంక్రాంతి తర్వాత మిరపకాయ కోతలకు ఇంకా చాలామంది పోతారు. పోతే పిల్లల బడి పోతుంది, బడి పోతే జూన్‌లో తల్లి ఖాతాలో పడే తల్లికి వందనం డబ్బు పోతుంది. పోకపోతే ఇల్లు గడవదు.

మాట్లాడుకోవడానికి ఒక ఇల్లు తీసుకుందాం. భార్యాభర్తలు, ఒక అవ్వ. పిల్లలు ముగ్గురు: ఎనిమిదేళ్లు, ఐదేళ్లు, పద్నాలుగు నెలలు. తాత పేరు మీద ఆరెకరాల మెట్ట, తాత చనిపోయినాడు. ఊర్లో రేకుల ఇల్లు. ఈ ఇంటికి ఏమేమి వస్తాయి, ఏ కాగితం లేకపోతే ఆగుతాయి, పన్నుల్లో ఏమన్నా మినహాయింపు ఉందా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. దీన్ని పల్లెల్లో చదివి వినిపిస్తాం, కాబట్టి గాలి మాటలు వద్దు.

సచివాలయ_డెస్క్ · 2 నవంబర్

అన్నా, మీరు చెప్పిన ఇంటికే లెక్క కడదాం.

తల్లికి వందనం ఒకటో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఉంటుంది. ఇంట్లో ఎంతమంది చదివితే అంతమందికీ వస్తుంది, అమ్మఒడి మాదిరి ఒక్కరికే కాదు. బిడ్డకు రూ.15,000 మంజూరు. బడి, మరుగుదొడ్ల నిర్వహణకు రూ.2,000 పోను తల్లి ఖాతాలో రూ.13,000 పడుతుంది. ఈ ఏడు మొదటి విడత జూన్ 12న పడింది. ఒకటో తరగతిలో, ఇంటర్ మొదటి ఏడులో కొత్తగా చేరినవాళ్లకు జూలై 10న పడింది. మీ లెక్కలో ఎనిమిదేళ్ల బిడ్డకు వస్తుంది. ఐదేళ్ల బిడ్డ వచ్చే జూన్‌లో ఒకటో తరగతిలో చేరితే ఆ బిడ్డకూ వస్తుంది. పద్నాలుగు నెలల బిడ్డకు ఇందులో ఏమీ లేదు. ఆ బిడ్డ సంగతి ఐసీడీఎస్ (అంగన్‌వాడీల పథకం) వాళ్లు రాస్తే మేలు.

అర్హతలు: రేషన్ కార్డు ఉండాలి. నెల ఆదాయం పల్లెలో రూ.10,000, పట్నంలో రూ.12,000 లోపు. భూమి మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట 10 ఎకరాల లోపు, రెండూ కలిసినా 10 దాటకూడదు. కరెంటు ఏడాది సగటు నెలకు 300 యూనిట్ల లోపు. నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ ఉన్నా ఫరవాలేదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగి, పింఛనుదారు ఇంట్లో ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఉంది. మునిసిపాలిటీలో కట్టడం 1,000 చదరపు అడుగులు మించకూడదు.

వీటిని మనుషులు కాదు, కంప్యూటర్ చూస్తుంది. దాన్నే మేం సిక్స్ స్టెప్ వ్యాలిడేషన్ అంటాం. అర్హత ఉండి కూడా డబ్బు రాని ఇళ్లలో ఎక్కువ భాగం ఇక్కడే ఆగుతున్నాయి. ఏ మెట్టు దగ్గర ఆగిందో ముందు తెలుసుకోవాలి. ఊరికే "రాలేదు" అని అర్జీ పెడితే ఊరికే "అనర్హులు" అని జవాబు వస్తుంది.

కరెంటు దగ్గర ఆగితే: చాలాసార్లు మీ ఆధార్ వేరేవాళ్ల మీటరుకు కలిసి ఉంటుంది. అద్దె ఇంట్లో ఉన్నప్పుడు ఇచ్చిన ఆధార్, ఇల్లు మారినా ఆ మీటరు మీదే ఉండిపోతుంది. మన సీమ జిల్లాలకు కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్లే. సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఆధార్ జిరాక్సు, ఇప్పుడున్న ఇంటి 12 నెలల బిల్లులు ఇచ్చి, ఆ సర్వీసు నంబరు నుంచి తీసేయమని రాసివ్వండి. తీసేసిన కాగితం తెచ్చి సచివాలయంలో గ్రీవెన్స్ (ఫిర్యాదు) వేయించాలి. విద్యుత్ ఆఫీసులో మారినంత మాత్రాన మా దగ్గర దానంతటదే మారదు.

బండి దగ్గర ఆగితే: ఎప్పుడో అమ్మేసిన జీపు ఆర్‌సీ ఇంకా మీ పేరు మీదే ఉంటుంది. ఫారం 29, 30 మీద కొన్నవాళ్ల పేరుకు మార్పిస్తేనే పోతుంది. అమ్మిన రోజే సంతకాలతో పాటు మార్పు కూడా పూర్తి చేయించుకోవాలి.

భూమి సంగతి మన సీమకు ప్రత్యేకం. చెరువు కింది పొలం అని పాత రికార్డులో మాగాణిగా రాసి ఉంటుంది. చెరువుకు నీళ్లొచ్చి ఏళ్లవుతుంది, కానీ నాలుగెకరాల ఆ బీడు కంప్యూటర్‌కు నాలుగెకరాల మాగాణి, ఇల్లు అనర్హం. 1బి (భూమి హక్కుల పత్రం) తీసి వర్గీకరణ గడిలో ఏముందో చూడండి. తప్పుంటే తహసీల్దార్‌కు అర్జీ పెట్టి, వీఆర్వో, సర్వేయర్‌తో చూపించి సరిచేయించుకోవాలి. జూన్‌లో కాదు, ఇప్పుడు మొదలుపెడితేనే అవుతుంది.

శెనిక్కాయల_అంగడి (అనంతపురం) · 2 నవంబర్

మెట్ట 10 ఎకరాల హద్దు మీద నా అభ్యంతరం రాస్తున్నా. కోనసీమలో మూడెకరాల మాగాణి, కళ్యాణదుర్గం దగ్గర పదకొండెకరాల ఎర్రనేల ఒక తూకం ఎట్లయితాయి? వాన ముఖం చాటేసిన ఏడు విత్తనం డబ్బులు కూడా తిరిగి రావు. ఆ ఇంటోళ్లే కూలికి బెంగళూరు పోతారు.

సచివాలయ_డెస్క్ · 2 నవంబర్

మీ మాట న్యాయమే అన్నా. నియమం మారేదాకా చేయగలిగింది ఒకటుంది. పెళ్లయి వేరు కాపురం పెట్టిన కొడుకులు ఇంకా ఒకే హౌస్‌హోల్డ్‌లో, ఒకే కార్డులో ఉంటే, అన్నదమ్ముల భూమి అంతా కలిపి లెక్కవుతుంది. నిజంగా వేరు పొయ్యి ఉన్నవాళ్లు పెళ్లి సర్టిఫికెట్, ఆధార్‌లతో సచివాలయంలో కార్డు విభజనకు పెట్టుకోవచ్చు. కలిసి ఉంటూ కాగితం మీద విడిపోవద్దు. విచారణలో తేలితే కార్డే పోతుంది.

ఎల్లెల్సీ అన్న చెప్పిన ఇంట్లో ఆరెకరాలే కాబట్టి హద్దు సమస్య లేదు. అయినా తాత పేరు మీద వదిలేయొద్దు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పెట్టి మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకోండి. పంట బీమా, రైతు సాయం ఏదైనా బతికున్న మనిషి పేరు మీదే వస్తుంది.

ఊరబడి_అయ్యవారు (కోసిగి వైపు) · 3 నవంబర్

బడి సంగతి. హాజరు 75 శాతం ఉండాలి. 220 పని దినాలు అనుకుంటే 165 రోజులు బిడ్డ బడిలో ఉండాలి, అంటే 55 రోజులు మించి పోకూడదు. నవంబర్ నడుమ పోయి ఉగాదికి తిరిగొస్తే ఆదివారాలు, సంక్రాంతి సెలవులు తీసేసినా 90 పని దినాలకు పైగా పోతాయి. ఈ ఏడు హాజరే వచ్చే జూన్‌కు లెక్క. కాబట్టి రూ.13,000 పోయేది ఇప్పుడు, జూన్‌లో తెలుస్తుంది అంతే. పోయే రెండో తరగతి, మూడో తరగతి చదువు అంతకన్నా పెద్ద నష్టం. ఆ వయసులో కూడికలు, గుణింతాలు తప్పిన బిడ్డ ఆరో తరగతిలో బడి మానేయడం ఈ మండలాల్లో కళ్లారా చూస్తున్నదే.

దారులు మూడు.

మొదటిది సీజనల్ హాస్టల్. సమగ్ర శిక్ష కింద నడుస్తుంది. పిల్లోడు తన బడిలోనే ఉంటాడు, పేరు మారదు. పగలు మామూలుగా పాఠాలు, మధ్యాహ్న భోజనం. సాయంత్రం, రాత్రి తిండి, పడక హాస్టల్లో. ఇది అడగకుండా రాదు. ఎవరెవరు పోతున్నారో, పిల్లలెంతమందో హెడ్‌మాస్టర్ జాబితా రాయాలి. తల్లిదండ్రుల అంగీకార సంతకం, ఎవరు చూసుకుంటారో ఆ బంధువు పేరు, ఫోను నంబరు అందులో ఉండాలి. పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం చేసి ఎంఈవోకు (మండల విద్యాశాఖాధికారికి) పంపాలి, అక్కడి నుంచి జిల్లా సమగ్ర శిక్ష ఆఫీసుకు పోవాలి.

పాడయ్యేది ఎక్కడంటే, జాబితా ఆలస్యం. మేస్త్రీ లారీ పెట్టేది దీపావళి దాటగానే. జాబితా మంజూరై వచ్చేసరికి తల్లిదండ్రులతో పాటు పిల్లలూ వెళ్లిపోయి ఉంటారు. అప్పుడు హాస్టల్‌కు పిల్లలు లేరని మరుసటి ఏడు కోత పడుతుంది. ఈ ఏడు ఇంకా జాబితా పోని ఊర్లు ఈ వారమే పంపాలి. మిరప కోతలకు జనవరిలో పోయేవాళ్ల పిల్లలకైనా అందుతుంది. ఆడపిల్లల విషయంలో రాత్రి కాపలాకు ఆడమనిషి, తలుపున్న స్నానాల గది ఉన్నాయో లేదో కమిటీ తల్లులు స్వయంగా చూసి సంతకం పెట్టాలి.

రెండోది పోయిన ఊరి బడిలో చేర్చడం. బిడ్డ పెన్ నంబరు, అంటే బడుల కంప్యూటర్ రికార్డు యూడైస్‌లో ఉండే శాశ్వత విద్యా సంఖ్య, కాగితం మీద రాయించుకొని పోండి. ఇక్కడి బడి ఆ పేరును అదే రికార్డులో డ్రాప్‌బాక్స్ (బడి మారే పిల్లల జాబితా)లోకి వదిలితేనే అక్కడి బడి తీసుకోగలదు. తిరిగొచ్చినప్పుడు అదే పని వెనక్కి జరగాలి. డ్రాప్‌బాక్స్‌లోనే మరిచిపోతే బిడ్డ ఏ బడిలోనూ లేనట్టు కనిపిస్తుంది, అక్కడ తల్లికి వందనం ఆగుతుంది. మార్చిలో తిరిగి రాగానే "పేరు మా బడి లిస్టులోకి ఎక్కిందా" అని అడగండి.

మూడోది అవ్వ దగ్గర వదలడం. ఎనిమిదేళ్ల పిల్లకు ఇది సరే. కానీ ఆ పిల్లే చెల్లిని, చంటిదాన్ని ఎత్తుకొని తిరిగితే బడికి రాదు. అందుకే చంటిబిడ్డ ఏర్పాటు తేలకుండా పెద్దబిడ్డ చదువు నిలవదు.

హాజరు వేసేయమని అయ్యవార్లను అడగొద్దు. తనిఖీలో తేలితే ఆ బడి పిల్లలందరి లెక్కనూ అనుమానిస్తారు.

పెన్నా_అక్క (కడప, ఐసీడీఎస్ పని తెలిసిన మనిషి) · 3 నవంబర్

అయ్యవారు చివర్లో రాసిన మాటే అసలు మాట. ఆరేళ్ల లోపు బిడ్డకు చోటు దొరికితేనే అక్క బడికి పోతుంది, అమ్మ పనికి పోతుంది.

పద్నాలుగు నెలల బిడ్డకు అంగన్‌వాడీ నుంచి నెలకు రెండున్నర కిలోల బాలామృతం (పౌష్టిక పొడి), గుడ్లు, పాలు వస్తాయి. ఐదేళ్ల బిడ్డకు కేంద్రంలోనే వేడి అన్నం, గుడ్డు, పాలు, ఆటపాటలు. ఇంటికిచ్చే సరుకుకు 2025 జూలై 1 నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి. బిడ్డ పేరుతో తల్లి ముఖం నమోదై ఉంటే, తల్లి గుంటూరులో ఉన్నప్పుడు అవ్వ పోయి అడిగితే యాప్ ఒప్పుకోదు. పోయే ముందే కార్యకర్తతో అవ్వను సంరక్షకురాలిగా ఆధార్‌తో ఈకేవైసీ చేయించండి. ఓటీపీ వచ్చే ఫోను అవ్వ దగ్గరే ఉండాలి. తల్లి ఫోను నంబరు ఇచ్చి, తల్లి పొలంలో ఉంటే సరుకు ఆగుతుంది.

బిడ్డను వెంట తీసుకుపోతే పోషణ్ ట్రాకర్‌లో (అంగన్‌వాడీ యాప్‌లో) బదిలీ పెట్టించుకోవాలి. కార్యకర్త "వలస" అని పెట్టి వదిలితే, పోయిన ఊరి కార్యకర్త ఆధార్‌తో వెతికి తన కేంద్రంలోకి తీసుకుంటుంది. పేరు ఇక్కడే ఉండిపోతే అక్కడ ఆమె కాదంటుంది, ఆమె తప్పు కాదు. బియ్యానికి ఈ బెంగ లేదు, మన రాష్ట్రంలో ఏ చౌకదుకాణంలోనైనా వేలిముద్రతో తీసుకోవచ్చు. దుకాణాలు నెలలో 1 నుంచి 15 దాకా తెరిచి ఉంటాయి.

ఇక శిశు సంరక్షణ. అంగన్‌వాడీ బడి వేళలు కూలికి పోయే తల్లికి చాలవు. ఉదయం ఆరుకే కూలి ఆటో కదులుతుంది. దీనికోసమే మిషన్ శక్తి కింద పాల్నా పథకం ఉంది, 2022 వరకు దాన్ని జాతీయ క్రెష్ పథకం అనేవాళ్లు. అంగన్‌వాడీకి ఆనుకొనే క్రెష్ (పిల్లల సంరక్షణ కేంద్రం) నడపొచ్చు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలు, 25 మంది దాకా, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. ఒక క్రెష్ కార్యకర్త, ఒక ఆయా వేరుగా ఉంటారు. వేళలు తల్లుల పనికి తగ్గట్టు పెట్టుకునే వీలుంది. రాష్ట్రం ప్రతిపాదన పంపితేనే కేంద్రం తన వాటా ఇస్తుంది. అందుకే ఊరి నుంచి అడగాలి: పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, తల్లులు చేసే పని, పనికి పోయే వేళలు, ఖాళీగా ఉన్న గది వివరం. ఇవన్నీ రాసి సీడీపీవోకు (శిశు అభివృద్ధి పథకం అధికారికి) ఇవ్వండి. "క్రెష్ కావాలి" అని ఒక్క మాట రాస్తే ఫైలు కదలదు.

ఉపాధి హామీ పని దగ్గర కూడా హక్కుంది. తల్లుల వెంట ఐదేళ్ల లోపు పిల్లలు ఐదుగురు, ఆపైన వస్తే, ఒక ఆడమనిషిని పిల్లలను చూసుకోవడానికే పెట్టి ఆమెకూ అందరితో సమానంగా కూలి ఇవ్వాలని 2005 ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూల్‌లో రాసినారు. 2006 ఫిబ్రవరి 2న ఆ చట్టం అమలు మొదలైందే నార్పల మండలం బండ్లపల్లిలో. మన నేల మీద మొదలైన హక్కును మనమే అడక్కుండా వదిలేస్తున్నాం. మస్టర్‌లో (కూలీల హాజరు పట్టీలో) ఆ మనిషి పేరు విడిగా రాయమని ఫీల్డ్ అసిస్టెంట్‌ను పని మొదలయ్యే రోజే అడగాలి.

ఎల్లెల్సీ_గట్టు · 3 నవంబర్

అక్కా, ఉపాధి పని దొరికితే చాలామంది సుగ్గికే పోరు. 2025-26లో మన రాష్ట్రంలో రోజు కూలి రూ.307. పని అడిగినప్పుడు నోటి మాటతో సరిపెట్టకుండా తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి అడగడానికి ఆ రసీదే ఆధారం. ఇది మా ఊర్లలో బాగా చెప్పాల్సిన మాట.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) · 4 నవంబర్

కడుపుతో ఉన్న ఆడబిడ్డ సుగ్గికి పోకుండా ఆపడానికి ఏమన్నా ఆసరా ఉందా?

పెన్నా_అక్క · 4 నవంబర్

ప్రధానమంత్రి మాతృ వందన ఉందమ్మా. మొదటి కాన్పుకు రూ.5,000, రెండు విడతలు. నమోదై, చివరి నెలసరి నుంచి ఆరు నెలల లోపు ఒక్క పరీక్షైనా చేయించుకుంటే రూ.3,000. పుట్టుక నమోదై, పద్నాలుగు వారాల టీకాల దాకా పూర్తయితే రూ.2,000. రెండో కాన్పులో ఆడబిడ్డ పుడితే రూ.6,000 ఒకేసారి. మొదటి కాన్పుకైతే చివరి నెలసరి తేదీ నుంచి 570 రోజుల్లో దరఖాస్తు పడాలి, రెండో కాన్పుకు బిడ్డ పుట్టిన 270 రోజుల్లో.

ఆగేది పుట్టింటి దగ్గర. కార్డు అత్తగారి ఊర్లో, కాన్పు పుట్టింటి ఊర్లో, టీకాలు ఇంకోచోట. తల్లీబిడ్డల కార్డు చేతిలో ఉంచుకొని ప్రతి టీకా తేదీ అందులో రాయించుకోవాలి. పుట్టుక 21 రోజుల్లో నమోదు చేస్తే రుసుము లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికైనా ఆధార్‌కైనా పుట్టినతేదీ రుజువు ఆ ధ్రువపత్రం ఒక్కటే. గుంటూరు పొలంలో ఉన్నప్పుడు కాన్పు వస్తే ఏ ఆసుపత్రిలో పుట్టిందో అక్కడే నమోదు చేయించుకొని రండి. ఊరికొచ్చాక చేయిద్దామంటే కుదరదు, పుట్టిన చోటే నమోదు.

పన్నుల_పద్దు (అనంతపురం) · 5 నవంబర్

పన్నుల గురించి అడిగినారు. పేద ఇంటికి పన్ను మినహాయింపు కంటే, పన్ను రికార్డు వల్ల పథకం ఆగకుండా చూసుకోవడమే ఎక్కువ లాభం.

ఆదాయపు పన్ను. అప్పు కోసం ఎవరో సలహా ఇస్తే రిటర్ను వేస్తారు, కట్టే పన్ను సున్నా. అయినా కొన్ని ఇళ్లు "పన్ను చెల్లింపుదారు" అని ఆగుతున్నాయి. రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. రిటర్ను రసీదులో చెల్లించాల్సిన పన్ను గడి సున్నా చూపే కాపీ, ఫారం 26ఏఎస్ (మీ పేరున కట్టిన పన్ను వివరం) తీసి గ్రీవెన్స్‌కు జత చేయండి. అవసరం లేని రిటర్ను అప్పుల ఏజెంట్ల మాట విని వేయొద్దు.

వృత్తి పన్ను మన రాష్ట్రంలో నెల జీతం రూ.15,000 దాకా లేదు. రూ.15,001 నుంచి 20,000 దాకా నెలకు రూ.150, ఆపైన రూ.200. చిన్న అంగళ్లు, మిల్లుల్లో రూ.14,000 జీతగాడికి కూడా కోత వేస్తుంటే జీతం చీటీ చూపించి ఆపమని అడగొచ్చు. ఇక్కడ ఒక వైరుధ్యం చూడండి. కర్నూలు పట్నంలో రూ.13,000 సంపాదించే మనిషి వృత్తి పన్ను కట్టనక్కర్లేని పేదవాడు, పథకాల రూ.12,000 హద్దు దగ్గరికొచ్చేసరికి ఉన్నవాడు. ఒకే ప్రభుత్వం రెండు కొలతలు పెట్టుకుంది. ఈ హద్దులు కలపాలని గట్టిగా అడగాల్సిన విషయం.

ఇంటి పన్ను. మునిసిపాలిటీలో సొంతంగా ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి రూ.50 మాత్రమే. అంతకన్నా ఎక్కువ వస్తుంటే కొలత తప్పుగా ఎక్కి ఉంటుంది. వార్డు సచివాలయంలో కొలిపించి కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ పెట్టండి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గింపు, బాకీ పెడితే నెలకు 2 శాతం వడ్డీ. అన్నదమ్ములు ముగ్గురి ఇల్లు ఒకే అసెస్‌మెంట్‌లో (ఇంటి పన్ను నంబరులో) 1,200 చదరపు అడుగులుంటే, ఆ ఆధార్ ఉన్న అన్నకు తల్లికి వందనం ఆగుతుంది. రిజిస్టరైన భాగపరిష్కారం ఉంటే అసెస్‌మెంట్ విడగొట్టించుకోవచ్చు.

జీఎస్టీ సెప్టెంబర్ 22 నుంచి మారింది. గత నెల 16న ప్రధాని కర్నూలు సభకు వచ్చింది కూడా ఆ పేరు మీదే. పిల్లలున్న ఇంటికి పనికొచ్చేవి: నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్లు, రంగుల కడ్డీల మీద పన్ను సున్నా. పాల సీసాలు, డైపర్లు, సైకిళ్లు, కుట్టు మిషన్లు 12 నుంచి 5కు. సబ్బు, తలనూనె, పళ్లపొడి, బిస్కెట్లు కూడా 5 శాతంలోకి దిగినాయి. అంగట్లో పాత ధరే అంటే బిల్లు అడగండి, తగ్గించకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. విడిగా అమ్మే పాల మీద ఎప్పుడూ పన్ను లేదు, అక్కడ తగ్గింపు ఆశించొద్దు.

నాపరాయి (బేతంచెర్ల) · 5 నవంబర్

సున్నపురాయి గనుల్లో పనిచేసే ఇళ్లు బేతంచెర్ల నుంచి ఎర్రగుంట్ల దాకా ఉన్నాయి. వీళ్ల పిల్లలకు, బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ విద్యా సాయం వేరే ఉంది. ఏడాదికి 1–4 తరగతులకు రూ.1,000, 5–8కి రూ.1,500, 9–10కి రూ.2,000, ఇంటర్‌కు రూ.3,000, డిగ్రీ, పాలిటెక్నిక్‌కు రూ.6,000, ఇంజినీరింగ్, వైద్యం లాంటి వృత్తి విద్యకు రూ.25,000. ఆదాయ హద్దు ఎంతో దరఖాస్తుకు ముందు చూసుకోండి. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో, ముందు ఒకసారి రిజిస్ట్రేషన్, ముఖ గుర్తింపు.

ఇందులో పెద్ద అడ్డంకి పని రుజువు. గుత్తేదారు కింద చేసేవాళ్ల పేరు గని రిజిస్టరులో ఉండదు. ఫారం-బి (గని కార్మికుల రిజిస్టరు నకలు), జీతం చీటీ, పీఎఫ్ నంబరు ఏదో ఒకటి ఉండాలి. రెండో అడ్డంకి బడి. దరఖాస్తు వేసినా బడి తన లాగిన్‌లో ఆమోదించకపోతే గడువు దాటి రద్దవుతుంది. వేసిన వారంలోనే దరఖాస్తు నంబరు హెడ్‌మాస్టర్‌కు ఇవ్వండి.

పిల్లల_పక్షం (అనంతపురం) · 6 నవంబర్

ఇంతవరకు ఎవరూ రాయనిది ఒకటుంది, మన జిల్లాల్లో చాలా తక్కువమంది వాడుకుంటున్నది. మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్. తండ్రి చనిపోయిన, వదిలేసిపోయిన తల్లుల పిల్లలు, అవ్వతాతల దగ్గర పెరుగుతున్న అనాథ పిల్లలు, తల్లి గానీ తండ్రి గానీ ప్రాణాంతక జబ్బుతో ఉన్న పిల్లలు. వీళ్లకు బిడ్డకు నెలకు రూ.4,000, పద్దెనిమిదేళ్లు నిండేదాకా. ఏడాది ఆదాయం పల్లెలో రూ.72,000, పట్నంలో రూ.96,000 మించకూడదు.

దరఖాస్తు ఎక్కడంటే జిల్లా బాలల సంరక్షణ విభాగంలో. అంగన్‌వాడీ కార్యకర్త, సీడీపీవో ద్వారా కూడా పంపొచ్చు. బిడ్డ పుట్టిన ధ్రువపత్రం, ఆధార్, తండ్రి మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్, బిడ్డ సంరక్షకుల ఉమ్మడి ఖాతా. ఇంటికొచ్చి విచారణ చేస్తారు. తర్వాత బాలల సంక్షేమ కమిటీ, జిల్లా ఆమోద కమిటీ చూస్తాయి. నిధులు వచ్చేవరకు వేచి ఉండాలి, నెలనెలా పడతాయని అప్పు చేయొద్దు.

ఎక్కువగా తిరిగొచ్చే దరఖాస్తులు భర్త వదిలేసినవాళ్లవి. మరణ పత్రం లేదు, విడాకుల కాగితం లేదు. ఇలాంటప్పుడు వీఆర్వో విచారణ నివేదిక, పోలీసు స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు కాపీ, రేషన్ కార్డులో ఒంటరి మహిళగా ఉన్న వివరం జత చేయాలి. రెండో కారణం బిడ్డ బడి మానేయడం. బడికి పోకపోతే సాయం ఆపేస్తారు, కాబట్టి సుగ్గికి తీసుకుపోవద్దు. రోడ్డు మీద, పొలం పనిలో పిల్లలు కనిపిస్తే చైల్డ్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

హంద్రీ_ఒడ్డు · 6 నవంబర్

తల్లి చనిపోయిన పిల్లలకు తల్లికి వందనం ఎవరి ఖాతాలో పడుతుంది? ఇంకొకటి, "పడింది" అని చూపిస్తుంది, పాసుబుక్కులో లేదు అనేవాళ్లు చాలామంది.

సచివాలయ_డెస్క్ · 6 నవంబర్

తల్లి లేకపోతే తండ్రికి, ఆయనా లేకపోతే సంరక్షకులకు. కానీ హౌస్‌హోల్డ్‌లో తల్లి మరణం నమోదై ఉండాలి. లేకుంటే చనిపోయిన మనిషి ఖాతాకు పోయి తిరిగొస్తుంది.

పడి కనిపించకపోవడం ఎన్‌పీసీఐ మ్యాపింగ్ వల్ల. డబ్బు ఖాతా నంబరుకు పోదు, ఆధార్‌కు చివరగా కలిపిన బ్యాంకుకు పోతుంది. నాలుగు బ్యాంకుల్లో ఆధార్ ఇచ్చినా మ్యాప్ అయ్యేది ఒక్కదానికే. ఫోన్‌లో \*99\*99\*1# కొట్టి ఆధార్ నంబరు ఇస్తే ఏ బ్యాంకో చెబుతుంది. మైఆధార్ సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసినా సరే. వేరే బ్యాంకు చూపిస్తే ముందు ఆ బ్యాంకులో వెతకండి, డబ్బు అక్కడ ఉండొచ్చు. రెండేళ్లుగా లావాదేవీ లేని ఖాతా నిద్రలోకి పోతుంది, కేవైసీ ఇచ్చి లేపాలి. ఏదీ కుదరకపోతే పోస్టాఫీసులో పోస్ట్ పేమెంట్స్ ఖాతా తెరిచి మ్యాపింగ్ పెట్టించండి, పల్లెల్లో అదే దగ్గర.

9, 10, ఇంటర్ చదివే ఎస్సీ పిల్లల సంగతి వేరు. కేంద్ర స్కాలర్‌షిప్ వాటా విడిగా వస్తుంది, తల్లి ఖాతాలో తక్కువ పడుతుంది. అది నష్టం కాదు, కానీ పిల్లోడి సొంత ఖాతా కూడా ఆధార్‌కు మ్యాప్ అయి ఉండాలి.

పిల్లల ఆధార్ కూడా చూసుకోండి. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక ఇంకోసారి వేలిముద్రలు మార్పించాలి. 2025 అక్టోబర్ 1 నుంచి ఏడాది పాటు 7–15 ఏళ్ల పిల్లలకు కూడా రుసుము లేదు. బడిలో క్యాంపు పెట్టించడం అన్నిటికన్నా సులువు.

ఎల్లెల్సీ_గట్టు · 7 నవంబర్

అక్కకు, అయ్యవారికి, అందరికీ దండాలు. పైన రాసినవి పెట్టుకొని మూడు ఊర్లకు ఉపయోగపడే అర్జీ రాసినాను. తప్పులుంటే దిద్దండి.

"శ్రీయుత శిశు అభివృద్ధి పథకం అధికారి గారికి, మండల విద్యాశాఖాధికారి గారికి. మా గ్రామం నుంచి డిసెంబర్, జనవరి నెలల్లో మిరప కోతలకు పోయే కుటుంబాల జాబితా జత చేశాము. ఇందులో ఆరేళ్ల లోపు పిల్లలు ఇంతమంది, 6–14 ఏళ్ల పిల్లలు ఇంతమంది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, పెన్ నంబర్లు, సంరక్షకుల పేర్లు, ఫోన్లు పట్టికలో ఉన్నాయి. 1) పెద్ద పిల్లలకు మా బడిలో సీజనల్ హాస్టల్, 2) చిన్న పిల్లలకు అంగన్‌వాడీకి ఆనుకొని పాల్నా కింద క్రెష్, ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 1:30 దాకా, 3) అవ్వతాతలను సంరక్షకులుగా ముఖ గుర్తింపులో చేర్చడం కోరుతున్నాము. గది: పాత బడి భవనం, రెండు గదులు, కరెంటు ఉంది, నీటి కుళాయి లేదు. కమిటీ తీర్మానం నకలు జత."

పెన్నా_అక్క · 7 నవంబర్

బాగుందన్నా. రెండు మార్పులు. ఇద్దరు అధికారులకు ఒకే కాగితం ఇస్తే ఒకరి దగ్గర ఆగినా రెండోది కదలదు. క్రెష్, ముఖ గుర్తింపు సీడీపీవోకు, హాస్టల్ ఎంఈవోకు విడివిడిగా రాయండి. నీటి కుళాయి లేదన్న చోట, పంచాయతీ ఎన్ని రోజుల్లో వేయిస్తుందో కార్యదర్శి సంతకంతో రాయించండి, తనిఖీకి వచ్చినవాళ్లు గదిని తిరస్కరించడానికి మొదట చూపేది నీళ్లే.

సచివాలయ_డెస్క్ · 7 నవంబర్

ఈ రెండూ సోమవారం కలెక్టరేట్ పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల వేదికలో) కూడా పెట్టండి. అక్కడ వచ్చే అర్జీ నంబరు రాసి ఉంచుకుంటే 1100కు ఫోన్ చేసి ఎవరి టేబుల్ మీద ఉందో అడగొచ్చు. "పరిష్కరించాం" అని మూసేసి పని జరగకపోతే, అదే నంబరు చెప్పి మళ్లీ తెరిపించండి. కొత్త అర్జీ పెడితే తేదీ మళ్లీ మొదటికొస్తుంది.